రోసెల్లా ఆంటీకి రాసిన చీటీ

"నా మొక్కలకి గుండు కొట్టిందెవరు?"

ఫేబీ వేసిన ఆ కేకకి వాటిల్‌బర్న్ హౌస్ కప్పు మీది కకటూ చిలకలు మూడు లేచిపోయి, మళ్ళీ టూవూంబా మొహం చూడకుండా బ్రిస్బేన్‌లో స్థిరపడిపోయాయి. అబద్ధమనుకుంటే వెళ్ళి ఆ పక్షులనే అడగండి.

అరవక ఏం చేస్తుంది పాపం! టూవూంబా ఊరికి పాతిక కిలోమీటర్ల దూరాన ఉన్న ఆ రాతి బంగళాకి నూట యాభై ఏళ్ళు. దాని ముందున్న బీడుని పాతకాలపు కాటేజ్ గార్డెన్‌గా మార్చడం యూనిలో ఆమె ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు. పూలూ కూరలూ పండ్లూ ఒకదాన్నొకటి రాసుకుంటూ పెరగాలి. ఒకప్పుడు ఆ ఇంట్లో వంట చేసినావిడ నోటుబుక్కు వెతికి పట్టుకుని, అప్పుడు ఏ మొక్కలుండేవో అవే నాటింది. బంగళా కమిటీ వాళ్ళకి మాత్రం అక్కడ కంకర పోసి కార్ పార్కింగ్ చెయ్యాలని ఉంది. మార్చి నెలాఖరున చూడ్డానికి వస్తారు. నచ్చితే తోట, నచ్చకపోతే కంకర.

ఇప్పుడు డిసెంబరు. నడిమి వరసలో ఇరవై నాలుగు రోసెల్లా మొక్కలు. వాటి ఎర్రటి కాయలతో ఇక్కడివాళ్ళు జామ్ చేస్తారు. పరీక్షలని ఫేబీ ఒక్క శనివారం రాలేదు. వచ్చేసరికి ఇరవై నాలుగూ ఆకన్నది లేకుండా పుల్లల్లా నిలబడి ఉన్నాయి. వరస మొదట్లో 'రోసెల్లా' అని రాసిన చెక్క పలక కింద ఒక సీసా, ఒక చీటీ. ఇంగ్లిషులో ఉన్న ఆ చీటీ సారం ఇది:

'డియర్ రోసెల్లా ఆంటీ, మీ వరసలో గోంగూర అద్భుతం. అడుగుదామంటే మీరు కనపడలేదు. మా రూమ్మేట్లు నలుగురూ మీకు థాంక్స్ చెప్పమన్నారు. మీ వాటా పచ్చడి పెట్టాను, కారం తగ్గించాను. బాలమురళి, శనివారం వాలంటీర్.'

అప్పుడే ఎరువు బండి తోసుకొస్తున్న బాలమురళి, ఆ తెలుగు కేకని పిలుపనుకుని చెయ్యి ఊపాడు.

"పచ్చడి దొరికిందాండీ? రోసెల్లా ఆంటీ మీ బంధువులా?"

"ఆంటీ ఏంటి? రోసెల్లా ఈజ్ ద ప్లాంట్! మొక్క పేరు! యూ... యూ మేక!"

"మేకా?"

"గోట్‌ని తెలుగులో అదే కదా అంటారు?"

"అదేనండీ. బాగా పలికారు."

ఫేబీకి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఫుల్ ఇయర్ నా కష్టం తినేసి జోకులా?"

మురళి వంగి ఓ కాడ పట్టుకు చూశాడు. ఈసారి కోపం అతని వంతు. "చూడండీ, మాది తెనాలి పక్కన. ఇంకే విషయంలోనైనా నన్ను దబాయించండి, గోంగూర విషయంలో వద్దు. ఇది ఎర్ర గోంగూర."

"గోంగూర ఈజ్ ఎ పికిల్! సీసాలో వస్తుంది!"

"సీసాలో పుడుతుందా?"

ఫేబీ సీసా ఎత్తి చూసింది. మొక్కల చదువు నాలుగేళ్ళు చదివి, ఇంట్లో వారం వారం తినే గోంగూరని గుర్తుపట్టలేదు. అతను దొంగతనం చేసినందుకంటే, ఆ మాట అతను చెప్పినందుకే ఎక్కువ మండింది.

సీసా సాక్ష్యంగా ఇంటికి పట్టుకెళ్ళింది. కంప్లయింట్ రాద్దామని లాప్‌టాప్ తెరిచేలోపు ఆస్పత్రి డ్యూటీ నుంచి వచ్చిన తల్లి సువార్తమ్మ సాక్ష్యాన్ని సగం చేసేసింది.

"అమ్మా! అది ఎవిడెన్స్!"

"ఉండవే, ఎవిడెన్స్‌లోకి కాస్త వేడన్నం పెట్టుకోనీ. ఎవరే చేసింది?"

"దొంగ!"

"ఆ దొంగని ఓ ఆదివారం భోజనానికి పిలువు."

ఫేబీ పిలవలేదు. శిక్ష వేసింది. ప్రతి శనివారం తెల్లారేసరికి వచ్చి ఆ వరసకి నీళ్ళు పెట్టాలి, కలుపు తియ్యాలి, ఎదురు మాట్లాడకూడదు. మొదటి రెండూ చేశాడు.

జనవరిలో పుల్లలకి చిగుళ్ళొచ్చాయి. ఒక్కో మొక్కకి నాలుగేసి కొమ్మలు.

"తల తుంచాను కాబట్టే పక్క కొమ్మలేశాయి. థాంక్స్ చెప్పొచ్చు."

"నీ ఆకలికి నేను థాంక్స్ చెప్పాలా? ఏం ధైర్యం!"

ఫిబ్రవరిలో ఓ రోజు కుండపోత వాన. చినుకంటే చినుకు కాదు, ఒక్కోటి కొబ్బరికాయంత. ఫేబీ గోనెపట్టా తీసుకుని మొక్కల మీదికి పరిగెత్తితే, మురళి ఇంకో పట్టా తెచ్చి ఆమె మీద పట్టాడు.

"మొక్కలకి పట్టు, నాకు కాదు!"

"మొక్కలకి వాన మంచిదే. నీకు జలుబు చేస్తుంది."

ఆమె కోపంగా చూసింది. చూడాల్సిన దానికంటే కాస్త ఎక్కువసేపు చూసింది. అతను చూపు తిప్పుకుని, ఏదో ఒకటి అనాలి కాబట్టి, జూన్‌లో తన కోర్సు అయిపోతోందనీ, సిడ్నీలో జాబ్ వచ్చిందనీ, అక్కడ ఎడ్మండ్‌సన్ పార్క్‌లో అన్నయ్య గది కూడా చూశాడనీ చెప్పాడు.

"గుడ్ ఫర్ యూ," అంది ఫేబీ. ఆ రోజంతా ఇంకొక్క తిట్టూ తిట్టలేదు. మురళికి భయమేసింది.

మార్చి నెలాఖరుకి రోసెల్లాలు ఛాతీ ఎత్తు పెరిగి ఎర్రెర్రగా విరగకాశాయి. కమిటీ ప్రెసిడెంట్ మిసెస్ హార్‌గ్రీవ్స్ కళ్ళజోడు సవరించుకుని, ఇంత కాపు ఎలా తెప్పించావని అడిగింది. నా గొప్పే అని ఊరుకోవచ్చు. ఫేబీ ఊరుకోలేదు. "నేను కాదు, ఇతను దొంగతనం చేశాడు," అని వేలు చూపించింది. పెద్దావిడ పగలబడి నవ్వింది.

తోట ఉంచుతాం, కానీ స్టూడెంట్లు వస్తారు, పోతారు. రెండేళ్ళు చూసుకుంటామని ఇద్దరు సంతకం పెట్టాలి, లేదంటే కంకరే, అంది. ఫేబీ వెంటనే పెట్టింది. రెండో గీత ఖాళీ. వాలంటీర్లందరూ తమ బూట్లకేసి చూసుకున్నారు.

మురళి పెన్ను అందుకున్నాడు.

"ఏం చేస్తున్నావ్? మరి సిడ్నీ?"

"రానని చెప్పేశాను. పోయిన వారమే. ఇక్కడే ఏదో చూసుకుంటాను."

"మొక్కల కోసం జాబ్ వదిలేశావా? ఆర్ యూ మ్యాడ్?"

"మొక్కల కోసం ఎవడు వదులుకుంటాడు ఫేబీ? నువ్వంటే ఇష్టం. నువ్వు తిట్టని శనివారం నాకు శనివారంలా లేదు."

కమిటీకి తెలుగు రాదు. బిర్యానీ డబ్బాతో వచ్చిన సువార్తమ్మకి వచ్చు. "చర్చిలో ఫాదర్ గారికీ, తెనాలిలో మీ అమ్మకీ నేను చెప్పుకుంటాలే బాబూ. ముందు సంతకం కానీ," అంది.

ఫేబీ మొహం కాయల రంగుకి తిరిగింది. "పోయిన వారం చెప్పేసి, నాకు ఇవాళ చెప్తున్నావా? వారం రోజులు! ఐ డిడ్ నాట్ స్లీప్! నువ్వు వెళ్ళిపోతావని నేను..."

"నువ్వు?"

"షటప్. స్పెల్లింగ్ సరిగ్గా రాయి."

సన్నగా తుంపర మొదలైంది. ఫేబీ కోపం ఇంకా దిగలేదు. మూతి బిగించుకునే, అతని పేరు మీద సిరా తడవకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది.