గుంజకున్న మోకు

మోకు గుంజకే ఉంది!

మోకు ఇంట్లో ఉండి మనిషి తాటివనానికి పోయాడంటే... కల్లు గీసే ఇంటి కోడలికి ఇంకెవరైనా వేరే చెప్పాలా? నడుముకు ఆ తాడు బిగించనిదే ఏ గీత మనిషీ చెట్టెక్కడు! శోభ చేతిలోని చీపురు వాకిట్లోనే పడేసింది. కొంగు జారుతున్నా చూసుకోలేదు, ఒకటే పరుగు! తాటిచెట్టు మొదట్లో నిలబడి పైకే చూస్తున్న మొగుడి చెయ్యి పట్టుకుని, చిన్నపిల్లాడిని తెచ్చినట్టు ఇంటికి తెచ్చింది. "ఏమయ్యా, నన్నిడిచి ఏడికి పోదామని?" అని అడిగింది. శ్రీహరి మంచంలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ మోకును శోభ బియ్యం గుమ్మిలో దాచేసింది.

ఎనిమిది నెలలుగా ఇదే గోస! తిండి లేదు, మాట లేదు, నవ్వు అసలే లేదు... జగిత్యాలలో ఇచ్చిన మాత్రలు, కరీంనగర్‌లో మార్చిన మాత్రలు అన్నీ అయిపోయాయి. చివరికి హైదరాబాదులో ఒక పెద్ద దవాఖాన పేరు చెప్పారు. అక్కడి డాక్టరమ్మ ఎంతో ఓపికగా చెప్పింది. "ఆపరేషన్లప్పుడు ఇచ్చే కెటమిన్ అనే మత్తుమందేనమ్మా. చాలా కొద్దిగా నరానికి ఎక్కిస్తం, బీపీ చూసుకుంటూ పక్కనే ఉంటం. మనసు బిగబట్టుకున్నది కొంచెం వదులైతది. అప్పుడు కూర్చోబెట్టి మాట్లాడిస్తం. కొత్త పద్ధతి, అందరికీ కుదరదు. మందు సగమే, మాట సగం."

శోభ తలూపింది. కానీ మనసులో ఒకటే భయం! ఊళ్ళో తెలిస్తే? "శోభ మొగడు పిచ్చి దవాఖానకు పోయిండట" అని బోరింగు దగ్గర ఆడవాళ్ళు నోరు నొక్కుకుంటే ఆమె తలెక్కడ పెట్టుకోవాలి? అందుకే బయల్దేరేటప్పుడే అత్త భూమవ్వతో "కొండగట్టుకు పోతున్నం అత్తమ్మా, అంజన్న గుడిల ఒక రాత్రి నిద్ర చేసి వస్తం" అని చెప్పి వచ్చింది. మనసు బాగాలేని వాళ్ళను కొండగట్టుకు తీసుకుపోతే మా పల్లెల్లో ఎవరూ వేలెత్తి చూపరు. దేవుడి దగ్గరికి పోతే మొక్కు, డాక్టరు దగ్గరికి పోతే పిచ్చి! ఇదెక్కడి న్యాయమో ఆ అంజన్నకే తెలియాలి.

దవాఖానలో ఆ మందు ఎక్కుతుంటే శ్రీహరి కళ్ళు సగం మూతపడ్డాయి. కాసేపటికి చెంపల మీదుగా నీళ్ళు కారాయి. "మోకు... గుంజకే ఉండె..." అని ఎనిమిదేళ్ళ పిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు! తను దాచిన మోకు సంగతే కాబోలు అనుకుంది శోభ. డాక్టరమ్మ మాత్రం "ఏదో లోపలిది బయటికి వస్తున్నది. వచ్చే గురువారం తప్పకుండా తీసుకురా అమ్మా. మధ్యల ఆగితే మల్ల మూసుకుంటడు" అంది.

తిరిగి వస్తూ జగిత్యాల బస్టాండు దగ్గరి దుకాణంలో సిందూరం పొట్లం కొని, అంజన్న సిందూరమని అత్త చేతిలో పెట్టింది శోభ. పాపం ఆ ముసలమ్మ రోజూ స్నానం చేసి, కళ్ళకద్దుకుని నొసట పెట్టుకునేది! ఆ బొట్టు చూసినప్పుడల్లా శోభకు భూమిలోకి కుంగిపోవాలనిపించేది... శ్రీహరి రెండు రోజులు అడిగి మరీ అన్నం పెట్టించుకున్నాడు. మూడో నాటికి మళ్ళీ గోడవైపు తిరిగాడు.

అంతలోనే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె! బస్సు చక్రం కదలడం లేదు. బుధవారం పొద్దున ఇంట్లో మళ్ళీ కొండగట్టనే చెప్పి, బతిమాలి బతిమాలి ఊళ్ళోని రాజయ్య జీపు మాట్లాడింది శోభ. తీరా ఎక్కేసరికి ముందు సీట్లో భూమవ్వ, ఒళ్ళో కొబ్బరికాయ!

"నేను గూడ వస్త బిడ్డా. అంజన్న నా కొడుకుతోని బువ్వ తినిపిచ్చిండు. కాయ కొట్టకుంటే ఎట్ల?"

శోభ దారి పొడుగునా చెబుదామని నోరు తెరవడం, మింగేయడం... మల్యాల దాటింది, కొండ కూడా కనబడింది.

కొండకు తిరిగే చోట రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పెట్టి, ఆడవాళ్ళు నడిరోడ్డు మీద వంటావార్పు చేస్తున్నారు. అన్నంలో గరిటె తిప్పుతున్న నర్సవ్వ భూమవ్వకు చెల్లెలి వరుస. ఊరికి మాట మోయడంలో ఆమె తర్వాతే ఎవరైనా!

"కొండకా అక్కా? గిట్ల మలగండ్రి. హైదరాబాద్ దిక్కైతే ఒక్క బండి పోదు, జై తెలంగాణ!"

రాజయ్య స్టీరింగు కొండవైపు తిప్పబోయాడు. కొండకు పోతే గురువారం పోతుంది. గురువారం పోతే... గుంజకున్న మోకు శోభ కళ్ళ ముందు ఆడింది! ఒక్క ఉదుటున జీపు దిగింది.

"కొండకు గాదు చిన్నత్తా! హైదరాబాద్‌కు... మనసు దవాఖానకు! నా మొగనికి మనసు బాగలేదు. పోయినసారి గూడ గాడికే పోయినం. అత్తమ్మా, నీ నొసటి సిందూరం బస్టాండ్ల కొన్నది! నన్ను కొట్టు, తిట్టు... మమ్ముల పోనియ్యుండ్రి, మీ కాళ్ళు మొక్కుత!"

నర్సవ్వ చేతిలో గరిటె ఆగిపోయింది. "పిచ్చి దవాఖానకా?" అంటూ నోరు నొక్కుకుంది. అందరి కళ్ళూ జీపు మీదే! శ్రీహరి తల మోకాళ్ళలో దూర్చుకున్నాడు. శోభకు సిగ్గుతో ప్రాణం పోయినట్టయింది.

భూమవ్వ మెల్లగా దిగింది. కొడుతుందేమోనని శోభ కళ్ళు మూసుకుంది. కానీ ఆ ముసలి చెయ్యి వచ్చి ఆమె భుజం నిమిరింది.

"బియ్యం గుమ్మిల మోకు నాకు చేతికి దొరికింది బిడ్డా. ఎందుకు దాచినవో నాకు ఎర్కైంది... అయినా నోరు మూసుకున్న, సిగ్గుకు. మీ మామ గంగారాం చెట్టు మీదికెళ్ళి జారి పడ్డడని ముప్పై ఏండ్లాయె చెప్పవట్టి... జారలె బిడ్డా! నేను పోయేసరికే అంతా అయిపోయింది. మోకు ఇంట్ల గుంజకే ఉండె. జనం రాకముందే నేనే ఇంటికి ఉరికి, మోకు తెచ్చి ఆయన పక్కన పడేసిన. గీతగాడు మోకు లేకుంట చెట్టెక్కిండంటే లోకం ఏమంటది? నా కొడుకును ఏమంటది?"

 పొయ్యి మీద అన్నం కుతకుతమంటోంది.

"నాకెర్కనే అవ్వా..."

ఎనిమిది నెలల తర్వాత తల్లి వైపు తిరిగి శ్రీహరి అన్న మొదటి మాట అది!

"ఆ పొద్దు నేను లేసే ఉన్న. మోకు కొంగుల దాచుకొని నువ్వు ఉరుకుతుంటే చూసిన. నిన్ను అడిగితే నువ్వు గూడ సస్తవేమోనని అడగలె."

"నా కొడుకా!" భూమవ్వ భోరుమంది. కొడుకు తల గుండెకు అదుముకుని నడిరోడ్డనీ చూడకుండా ఏడ్చింది. "నా సిగ్గు నీ నెత్తిన పెట్టి పెంచితిని గద కొడుకా! నేను గూడ వస్త. ఆ డాక్టరమ్మ ముందట నేను గూడ కూసుంట. అన్నీ చెప్త."

ముందుగా రాయి ఎత్తింది నర్సవ్వే! ఆమె వెనకే మిగతా ఆడవాళ్ళు తలా ఒకటి పక్కకు జరిపారు. ఎవరో విస్తరాకులో వేడి వేడి అన్నం కట్టి, జీపెక్కిన శోభ ఒళ్ళో పెట్టారు. శోభ కన్నీళ్ళు తుడుచుకోవడమే మర్చిపోయింది.

జీపు కదలబోతుంటే భూమవ్వ చేయి చాచి కొబ్బరికాయ నర్సవ్వకు అందించింది.

"నా పేరు మీద అంజన్నకు గీ కాయ కొట్టు చెల్లే."

"ఏమని మొక్కాలె అక్కా?" నర్సవ్వ గొంతు తగ్గించి అడిగింది.

భూమవ్వ మాత్రం అందరికీ వినబడేలా చెప్పింది.

"నా కొడుకు దవాఖానకు పోతున్నడని చెప్పు!"