ఆరు సెకన్లు చాలు

ఉదయం తొమ్మిదీ పన్నెండు నిమిషాలకు దమయంతి కుడిచేత్తో ఇడ్లీ తుంచుకుంటూ, ఎడమచేత్తో ఆ రోజు పదిహేడో వీడియోను ‘మితం’లోకి పంపింది.

విశాఖపట్నంలో ‘నిగ్గు’ అనే ఛానెల్‌కు వచ్చే వీడియోల్లో ఏది నిజమో ఏది కాదో తేల్చడం ఆమె ఉద్యోగం. తప్పు అని చెప్పాలంటే ఆ తప్పును చూపించాలి. చూపించాలంటే ఎవరో తీసిన వీడియో వాడుకోవాలి. విమర్శకో, పోలికకో ఇతరుల వీడియోను అవసరమైనంత మేరకు వాడుకోవచ్చునని చట్టం చెబుతుంది. ఆ అవసరం ఎంతన్నదే ఏళ్ల తరబడి లాయర్లకు పని కల్పించింది. డాక్టర్ పరాంకుశం తయారుచేసిన మితం ఆ తగాదా తీర్చేసింది.

అది పనిచేసే పద్ధతి తేలిక. మన వాదన ఒక్క వాక్యంలో రాయాలి. యంత్రం వీడియో అంతా చూసి, ఏ ముక్క ఎక్కడినుంచి వచ్చిందో కనిపెడుతుంది. ఏ ముక్క లేకపోతే మన వాదన నిలవదో దాన్ని మాత్రమే ఉంచి మిగతాది కోసేస్తుంది. మాటలు అక్కర్లేదనుకుంటే శబ్దం కూడా తీసేస్తుంది. బొమ్మనూ శబ్దాన్నీ తప్ప వీడియో కింద రాసిన అక్షరాల్ని అది పట్టించుకోదు. చివరికి మూలన ఒక పచ్చచుక్క పెడుతుంది. చుక్క ఉన్న వీడియో మీద ఎవరూ దావా వేయలేరు. చుక్క లేని క్లిప్ కొన్ని గంటల్లో నెట్‌లోంచి మాయమవుతుంది.

ఒకప్పుడు దమయంతి ప్రతి వీడియోనూ రెండుసార్లు చూసేది. ఇప్పుడు రోజుకు అరవై వస్తున్నాయి. చూడడం యంత్రం వంతు. అది కోసి ఇచ్చింది చూడడం ఆమె వంతు.

పదిహేడో వీడియో నిడివి యాభై ఒక్క సెకన్లు. ‘ఊటగెడ్డ కట్ట తెగిపోతోంది’ అని పేరు. తెరమీద మొదటి వరుసలో మితం ఆనవాలు చూపించింది: మూడేళ్ల కిందటిది, వేరే జిల్లా చెరువు. దమయంతి టైప్ చేసింది: ‘ఇది ఊటగెడ్డ కాదు, పాత వీడియో.’ మితం శబ్దం తీసేసి ఆరు సెకన్లు ఇచ్చింది. కట్ట అడుగునుంచి ఎర్రనీరు ఉబికి వస్తోంది. మూలన పచ్చచుక్క.

అదే వాక్యాన్ని ఆమె తన గొంతుతో చేర్చాక, తొమ్మిదీ ఇరవైకి అది బయటికి వెళ్లింది. పది దాటేసరికి రెండు లక్షలమంది చూశారు.

పదకొండూ అయిదుకు ఫోన్ మోగింది.

“నిగ్గు మేడమ్‌గారేనామ్మా? నాను గంగునాయుడుని. ఊటగెడ్డ రిజర్వాయర్ లస్కర్ని. కట్ట కాపలా నాదే. ఆ వీడియో నానే ఎట్టినాను.”

“అది పాతది కదండీ?”

“ముందరది పాతదేనమ్మా. పాతదని నానే సెప్పినాను గదా అందులో. మీరు ఆఖరుదాకా సూసినారా?”

దమయంతి ఈసారి వీడియో మొత్తం పెట్టింది. నలభై సెకన్లు పాతది. దానిమీద గంగునాయుడి గొంతు: “ఇది మనది కాదు, వేరే ఊరిది. ఊటనీరు తేటగా వస్తే భయం లేదు. ఎర్రగా వస్తే లోపల మట్టి కొట్టుకుపోతన్నట్టు. ఈ ఊరిది అలాగొచ్చిన పూటకే తెగిపోనాది. ఇప్పుడు మనది సూడండి.” తర్వాత పదకొండు సెకన్లు. ఆ ఉదయం ఏడున్నరకు తీసినవి. ఒక స్టీలు గ్లాసు కట్ట అడుగున ఊట దగ్గర నిండింది. గ్లాసులో నీళ్లు ఎర్రగా ఉన్నాయి.

ఆమె తన ఆరు సెకన్లనూ తీసేసింది. కానీ వాటి నకళ్లు అప్పటికే ఊరూరా తిరుగుతున్నాయి. కంట్రోల్ రూముకు ఫోన్ చేస్తే, అవతలి మనిషి ఆమె వీడియోనే ఆమెకు వినిపించాడు. “చుక్క కూడా ఉందమ్మా,” అన్నాడు.

పరాంకుశానికి ఫోన్ చేసింది.

“సార్, మితం ఆ పదకొండు సెకన్లూ ఎందుకు వదిలేసింది?”

“మీ వాదనకి అవి అక్కర్లేదు కాబట్టి. పాత వీడియో అని మీరే రాశారు. అందుకు ఆరు సెకన్లు చాలు.”

“నా వాదనే తప్పు.”

“అది తేల్చడం యంత్రం పని కాదమ్మా.”

“అయితే మొత్తానికి చుక్క ఇప్పించండి. అరవై ఒక్క ఇళ్లున్నాయి కట్ట కింద.”

“నలభై సెకన్లు పరాయివి. ఇవ్వదు.”

“పోనీ ఆ పదకొండుకీ?”

“హక్కుదారు నమోదై ఉన్నాడా?”

“లస్కర్ సార్ ఆయన.”

“నమోదుకి ఒక రోజు పడుతుంది.”

“జనం ఆ చుక్క చూసి నిజమనుకుంటున్నారు. అది హక్కులకి గుర్తు, నిజానికి కాదు.”

“ఆ మాట మేం మొదటినుంచీ చెబుతూనే ఉన్నాం.”

“ఎక్కడ చెప్పారు సార్?”

“నిబంధనల్లో ఉంది.”

ఆమె చుక్క లేకుండానే ఆ పదకొండు సెకన్లూ పెట్టి, తనది పొరపాటని తన గొంతుతోనే చెప్పింది. కింద వచ్చిన మొదటి వ్యాఖ్య: ‘చుక్క ఏదక్కా?’ రెండోది: ‘దమయంతి మేడమ్‌ని కూడా నకిలీ చేసేశారు.’ ఒంటిగంటా పదికి ఆ వీడియో మాయమైంది.

గంగునాయుడు మళ్లీ ఫోన్ చేశాడు. రొప్పుతున్నాడు. “ఇంటింటికీ ఎల్తన్నానమ్మా. ఫోను లేని ముసిలోళ్లు నా మాట ఇని మెట్టకెక్కుతన్నారు. ఫోనున్నోళ్లు నాకే మీ వీడియో సూపిస్తన్నారు. తాగినావా నాయుడా అంటన్నారు.”

“నేను మాట్లాడతాను. ఎవరికైనా ఫోన్ ఇవ్వండి.”

ఆయన ఇచ్చాడు. ఆమె చెప్పింది. అవతల ఒక ఆడగొంతు నిదానంగా విని, “గొంతులు ఎవులైనా పెట్టగలరమ్మా,” అని తిరిగి ఇచ్చేసింది.

రెండూ ఇరవై అయిదుకు కట్ట తెగింది. అరవై ఒక్క ఇళ్లలో పందొమ్మిది ఖాళీగా ఉన్నాయి. పద్నాలుగుమంది చనిపోయారు.

ఎనిమిదో రోజున దమయంతి ఆ పాత వీడియో మూలం వెదికి పట్టుకుంది. తీసినామె ఆదిలక్ష్మి, ఆ చెరువు కిందే పొలం చేసుకునేది. మూడేళ్ల కిందట వీడియో పెట్టిన రోజునే దాని కింద రెండు వరుసలు రాసింది: ‘మా చెరువు తెగే ముందు తీసినాను. ఇంకో ఊరికి పనికొస్తుంది, ఎవరైనా ఎంతైనా వాడుకోండి.’