చుట్టపుచూపు వీసా

పొద్దున్నే కాఫీ కలిపి తెచ్చేసరికి కూతురి గది తలుపు మళ్ళీ మూసి ఉంది. వారం నుంచీ ఇదే తంతు. ఫోను మోగగానే లోపలికి పోవడం, గొంతు తగ్గించడం. తల్లికి ఒళ్ళు మండింది. ఆవిడ పనిగట్టుకుని వినే మనిషి కాదు గానీ, వినిపిస్తే చెవులు మూసుకునే మనిషి అంతకన్నా కాదు.

"అమ్మని విజిటర్‌గా పెట్టేద్దాం సార్. ఫౌండర్ వీసా నా ఒక్కదానికే చాలు," అంటోంది కూతురు.

ఆవిడ కప్పు గుమ్మం పక్కన పెట్టేసింది. మంచం పట్టినవాళ్ళకు చెయ్యి ఎత్తకుండా తొడిగే చొక్కాలు కుట్టడం మొదలుపెట్టింది తల్లి. దాన్ని కంపెనీగా నిలబెట్టింది కూతురు. ఫౌండర్లు ఇద్దరూ, వాటా చెరి సగం. ఇప్పుడు కొత్త కంపెనీలకు శిక్షణా పెట్టుబడీ ఇచ్చే విదేశీ సంస్థ రమ్మని పిలిచేసరికి, ఏరు దాటి తెప్ప తగలేసే బుద్ధి పుట్టిందన్నమాట. కడుపున పుట్టిన పిల్ల మీద అనుమానమేమిటని మనసు గద్దించింది. అనుమానం వినలేదు.

"ఎవరే ఫోన్లో?" తలుపు తెరుచుకోగానే అడిగింది.

"కొరియర్ వాళ్ళమ్మా."

"కొరియర్ వాళ్ళకి నా వీసా గొడవెందుకే?"

కూతురి మొహం పాలిపోయింది.

"విజిటర్‌నైతే అక్కడ కుట్టుమిషన్ ముట్టుకోవచ్చా?"

"కుదరదమ్మా. ఊరికే చూడ్డమే."

"నా కంపెనీకి నేను చుట్టపుచూపుగా రావాలా? పనిలో పనిగా నా వాటా కూడా రాయించేసుకో."

అన్నాక ఆవిడే నాలుక కరుచుకుంది. కూతురు మిషన్ పక్కన కూలబడి ఏడ్చేసింది.

"ఫౌండర్ వీసాకి ఇద్దరం విడివిడిగా ఇంటర్వ్యూకి వెళ్ళాలి. అదీ ఇంగ్లీషులో. ఒకరు తప్పితే ఇద్దరికీ రాదన్నాడు వీసా ఏజెంటు. నువ్వు తప్పుతావేమోనని భయపడ్డాను. ఆ మాట నీ మొహం మీద అనలేక..."

తల్లి కూతురి పక్కనే చతికిలబడింది. ఆ భయంలో అబద్ధం లేదు, తన ఇంగ్లీషు అంతంతమాత్రమే. కోపం ఎటు పోయిందో గానీ, బాధ మాత్రం మిగిలింది.

"అడిగుంటే నేనే విజిటర్‌గా వస్తాననేదాన్నేమో. అడక్కుండా పక్కన పెట్టేశావు చూడు, అదీ నా ఏడుపు."

కూతురు కళ్ళు తుడుచుకుని ఏజెంటుకి ఫోను కలిపింది. "సార్, మా ఇంకో ఫౌండర్ మీతో మాట్లాడతారు," అని తల్లి చేతికిచ్చింది.

తల్లి ఫోను చెవికి ఆనించుకుంది.

"ఆ రెండు వీసాల సంగతీ నాకు మొదట్నుంచీ చెప్పండి బాబూ. విని, నేనూ మా పార్ట్‌నరూ ఆలోచించుకుని చెప్తాం."