పొట్టేలు ముఖానికి పసుపు

కాశిబుగ్గలోని డిటెక్టివ్ యమున ఆఫీసుకు వచ్చిన గొర్రెల కాపరి యాకయ్య, కుర్చీ చూపించినా కూర్చోలేదు. నెక్కొండ దగ్గరి అతని ఊళ్లో గొర్రెలకు మశూచి సోకి గొర్రెపిల్లలు రాలిపోతున్నాయి.

"రోగం రాకుండ ఊర్ల నేనొక్కన్నే టీకా సూది ఏయించిన మేడం. ఆ సూదితోనే రోగమొచ్చిందంటున్రు. రేపు పంచాయితీ. మంద తోలుకొని ఊరిడిసి పొమ్మంటరు. ఇంకెవ్వరు సూది ఏయనిస్తలేరు."

"ఫికర్ చెయ్యకు యాకన్నా. నీ గొర్రెలకు బొబ్బలు యాడున్నయ్?"

"సూది గుచ్చిన కాడ్నే, చిన్న గడ్డ."

అసిస్టెంట్ భానుచందర్ బండి తాళాలు అందుకున్నాడు. మేడం ఒక ప్రశ్న అడిగి ఊరుకుందంటే దారి దొరికినట్టేనని అతని నమ్మకం.

ఊళ్లో ముందుగా చిలుకమ్మ మంద చూశారు. ఆ ముసలామె గొర్రెలకు ముఖాన, తోక కింద, ఎక్కడ చూసినా బొబ్బలే.

"బయటి జీవమేదన్న మందల కలిసిందా అమ్మా?" అని అడిగింది యమున.

"కిషన్ రావు పటేల్ కొత్త పొట్టేలొక్కటే బిడ్డా. మంచి జాతిదని అన్ని మందలల్ల కొన్నొద్దులు ఇడిసిండు. యాకయ్యతోని పడదు, ఆనొక్కనికే ఇయ్యలే."

కిషన్ రావు దొడ్లో ఆ పొట్టేలు రాజాలా నిలబడి ఉంది. ముఖం నిండా దట్టంగా పసుపు.

"దిష్టి తగలకుండ," అన్నాడు కిషన్ రావు.

యమున ముచ్చటపడుతున్నట్టే దాని ముఖం నిమిరింది. పసుపు కింద ఎండిన పక్కులు వేలికి తగిలాయి. అన్ని మందల నుంచీ నమూనాలు తీస్తున్నామని చెప్పి, నలుగురి ముందే ఒక పక్కు గీరి సీసాలో వేసింది. కాదనలేక కిషన్ రావు నవ్వాడు.

హన్మకొండలో ల్యాబ్ నడిపే విజయలక్ష్మి ఆ సీసాలు అందుకుంది. ఒకప్పుడు వైరస్‌ను వారాల తరబడి పెంచితే గానీ జాడ తెలిసేది కాదు. ఇప్పుడు దాని జన్యువులోని చిన్న ముక్కను మిషన్ కోట్ల రెట్లు చేసి, అది ఏ రకమో ఒక్క పూటలో చెప్పేస్తోంది. కంటికి కనపడని క్రిమి ఇంటిపేరు కూడా పట్టేస్తుందన్నమాట. భానుచందర్‌కు ఆ మిషన్‌కు దండం పెట్టాలనిపించింది, పెట్టాడు కూడా.

మర్నాడు పంచాయితీలో అందరూ కూర్చున్నాక యమున లేచింది.

"యాకయ్య గొర్రెల గడ్డల్ల ఉన్నది సూదిమందుల ఉండే, బలం తీసేసిన వైరస్. చిలుకమ్మ గొర్రెలల్ల ఉన్నది వేరే రకం, చంపేది. అదే రకం కిషన్ రావు గారి పొట్టేలు పక్కుల దొరికింది. పొట్టేలు పోని మంద యాకయ్యదొక్కటే. రోగం రానిదీ అదొక్కటే. రోగమున్నదని తెల్వకపోతే పసుపెందుకు పూస్తరు పటేలా?"

కిషన్ రావు తల దించుకున్నాడు. "గొప్పగ చెప్పుకున్న పొట్టేలు. నామోషైతదని దాసిన," అన్నాడు.

చిలుకమ్మ లేచింది. ఆయనను దులిపేస్తుందనే అంతా అనుకున్నారు. ఆమె ఆయన వైపు చూడకుండా యాకయ్య దగ్గరికి వచ్చి ఫోన్ చేతిలో పెట్టింది.

"పక్కూర్ల మా తమ్ముని మందకు ఇంకా అంటలే. సూది వద్దని నేనే కసిరిన. ఇప్పుడు నా మాట ఇనడు. నువ్వే చెప్పు కొడుకా."

యాకయ్య ఫోన్‌ను భానుచందర్‌కు అందించాడు. భానుచందర్ నంబరు కలిపి ఇచ్చాడు.

"మామా, నేను యాకయ్యను. ఫోన్ పెట్టెయ్యకు, పక్కన మీ అక్క ఉన్నది."