సోలార్ మళ్లా పండుకున్నది

"హలో, సోలార్ సారేనా? మీ సోలార్ మళ్లా పండుకున్నది."

అవతల గోవర్ధన్ ఇడ్లీ మింగిన చప్పుడు స్వరూపకు స్పష్టంగా వినిపించింది. తన దుకాణం ఆగిపోయి తను చస్తుంటే ఈయనగారు ఇడ్లీ తింటున్నాడు! అసలే మండుతున్న ఒళ్లు ఇంకాస్త మండింది.

"నమస్తే స్వరూప గారూ. ఎప్పుడు ఆగిందండి?"

"ఎప్పుడు ఆగితే ఏంది? కరెంటు పొద్దుగాలనే పోయింది. సోలార్ మీద కుడదామంటే మోటారు మిషన్ కుయ్యిమని ఆగింది. రేపు పెండ్లి, జాకెట్లు ఇయ్యాలె. పెండ్లిపిల్లకు ఏం చెప్పాలె? సూర్యుడు సెలవు పెట్టిండని చెప్పాల్నా?"

"వస్తున్నానండి. వైరేదో లూజయ్యుంటుంది."

"పోయినసారి గూడ వైరే అన్నరు. దానికి ముందు ఫ్యూజన్నరు. ఈసారి బస్సుల కూసోని కొత్తదేమన్న ఆలోచించుకొని రాండ్రి."

"అవునండి," అన్నాడు గోవర్ధన్.

ఆ "అవునండి" వింటేనే స్వరూపకు అరికాలి మంట నెత్తికెక్కేది. కోదాడ పిల్లవాడు, సూర్యాపేటలో సోలార్ డీలర్ దగ్గర పని. మనిషి పొడుగు, మాట మెత్తన. ఎంత తిట్టినా ఒప్పుకునే మనిషితో తగువు పెట్టుకోవడం ఎంత కష్టమో పెట్టుకున్నవాళ్లకే తెలుస్తుంది.

నిజానికి ఆ సోలార్ పట్టుబట్టి పెట్టించుకున్నది స్వరూపే. ఆ ఏడు ఎండాకాలంలో కరెంటు పోవడం కాదు, రావడమే వార్త. నేరేడుచర్ల మెయిన్ రోడ్డు మీద ఇంటి ముందుగదిలో లేడీస్ టైలర్ దుకాణం పెట్టి, ఆగిన మిషన్ల ముందు విసనకర్ర పట్టుకుని కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. ఇంటి మీద సోలార్ పెట్టుకుంటే కేంద్రం కొంత, రాష్ట్రం కొంత సబ్సిడీ ఇస్తాయని గోవర్ధనే వచ్చి చెప్పాడు. కాకపోతే ముందు మన డబ్బు పెట్టాలి. ఆఫీసరు వచ్చి, కళ్లారా చూసి, నడుస్తున్నదని రాసుకుపోతే తర్వాత సబ్సిడీ వస్తుంది. స్వరూప తండ్రి సోమన్న మందలో నుంచి పొట్టేళ్లను తీసి అమ్మాడు. అమ్మిన రోజు ఆయన అన్నం ముట్టలేదు.

"సబ్సిడీ వస్తే మంచిదే," అన్నాడు సోమన్న. "రాకుంటే మిషన్లు అమ్ముడే బిడ్డా. మళ్ల జీవాలు కొంట. నీ దుకాణం ఖతం."

సోమన్న మాటంటే మాటే. అందుకే సోలార్ పండుకున్నప్పుడల్లా స్వరూప వెంటనే ఫోన్ అందుకునేది.

పైగా ఆ సోలార్‌ది ఒక మాయరోగం. గోవర్ధన్ వచ్చి, బయటి మెట్ల మీదుగా డాబా ఎక్కి, చాలాసేపు ఏదో గెలికి దిగుతాడు. సాయంత్రానికి మిషన్ గుర్రుమని నడుస్తుంది. ఒకటి రెండు రోజులు బుద్ధిగా ఉంటుంది. ఆ తర్వాత కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఆ రోజు కూడా అలాగే దిగాడు. చొక్కా నిండా నల్లటి ఉన్ని పోగులు.

"ఆ నల్లగున్నదేంది అంగి మీద?"

"మసండి. బ్యాటరీ మసి."

"బ్యాటరీ డాబా మీద లేదు, కింద ఉన్నది."

గోవర్ధన్ కింద ఉన్న బ్యాటరీని, పైన ఉన్న డాబాను మార్చి మార్చి చూశాడు. "అవునండి," అని బస్సు వేళయిందంటూ వెళ్లిపోయాడు.

పక్కన గాజుల దుకాణం సత్యవతి ఇదంతా సినిమా చూసినట్టు చూసేది. "సోలార్ ఖరాబైతున్నదా, ఖరాబు చేయించుకుంటున్నవా పిల్లా? వారం వారం వస్తున్నడు, మా ఆయన గూడ ఇంటికి గట్ల రాడు."

"నా కడుపు మండుతుంటే నీకు నవ్వులాటగున్నది గదా వదినా!" అనేది స్వరూప. అతను వస్తాడన్న రోజున తను ఎందుకు ఆకుపచ్చ చీరే కట్టుకుంటుందో మాత్రం ఆమె ఆలోచించుకోలేదు.

ఇంట్లో ఇంకో మనిషి ఉంది, నాయనమ్మ భద్రమ్మ. కొన్న వస్తువును వాడకుండా కాపాడటంలో ఆమెను మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. టీవీ రిమోట్‌కు ఇంకా ప్లాస్టిక్ కవరు ఊడలేదు. ఫ్రిజ్ తలుపు మీద కంపెనీ స్టిక్కర్ అట్లాగే ఉంది. ఉగాదికి ఇల్లంతా కడుగుతూ పనిలో పనిగా స్వరూప మోటారు మిషన్ మీద కూడా బిందెడు నీళ్లు పోసింది. ఆ రోజు స్వరూప వాడంతా వినపడేట్టు అరిచింది.

"ఇంకోపారి నా సామాను ముట్టుకో, నిన్ను త్రిపురారం తోలేస్త!"

త్రిపురారంలో భద్రమ్మ కూతురుంది. కూతురు మంచిదే, కానీ కూతురి అత్తకూ భద్రమ్మకూ ఉప్పూ నిప్పూ. ఆ మాట విన్నప్పటి నుంచి ముసలామె మనవరాలి దుకాణం గడప తొక్కలేదు.

శ్రావణంలో ఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. గోవర్ధన్ ముందుగానే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. జీపు ఆగగానే ఆఫీసరును, సోమన్నను, స్వరూపను వెంటబెట్టుకుని డాబా ఎక్కాడు. అప్పటికే భద్రమ్మ పైన ఉంది, చేతులు కట్టుకుని, ఏమీ ఎరగనట్టు.

ప్యానెళ్లు తళతళమంటున్నాయి. ఆఫీసరు మెచ్చుకోలుగా తలూపాడు. "మంచిగ పెట్టుకున్నరమ్మా. నిన్ననే తెచ్చినట్టున్నయ్."

"ఉండయా మరి?" భద్రమ్మ ముఖం వెలిగిపోయింది. "పెద్దసార్లు వచ్చి సూసేదాంక ఒక్క గీత పడొద్దని ఈ పిలగాడే చెప్పిండు. కోతులు తొక్కకుంట, దిష్టి తగలకుంట, పొద్దుగాలనే గొంగళ్లు కప్పుతున్న సారూ. మళ్ల పొద్దు గూకినంకనే తీసుడు. ఇయ్యాల మీరొస్తున్నరని ఇప్పుడే తీసిన."

ఆఫీసరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "పొద్దంత కప్పే ఉంచుతున్నవా?"

"మరి గంత ఎండకు అద్దం పలగదా?"

భద్రమ్మ అంతటితో ఆగలేదు.

"పాపం ఈ పిలగానికి ఎరికే. వచ్చినప్పుడల్లా ఆయనే తీస్తడు, కప్పొద్దని బతిమిలాడుతడు. నేనే ఇనలే. మా పిల్లకు చెప్పకు నాయినా, నన్ను త్రిపురారం తోలుతది అంటే ఇన్ని దినాలు నోరిప్పలే."

స్వరూప గిర్రున తిరిగి గోవర్ధన్‌ను చూసింది. లూజు వైరు, ఫ్యూజు, బ్యాటరీ మసి! అతను తలెత్తి ఆకాశాన్ని చాలా శ్రద్ధగా పరీక్షిస్తున్నాడు. ఆకాశంలో చూడటానికి నిజంగానే ఒకటి ఉంది కూడా. వాడపల్లి వైపు నుంచి నల్లటి మబ్బు ఎక్కి వస్తున్నది.

"సోలార్ మీద మిషన్ నడిపి చూపియ్యండ్రి," అన్నాడు ఆఫీసరు. "నడిస్తే రాసుకుంట. లేకుంటే మళ్ల వచ్చినప్పుడే. రాష్ట్రం రెండయితదంటున్నరు, అప్పటికి నేనేడుంటనో, మీ ఫైలు ఏడుంటదో."

కిందికి వెళ్లి మీట వేశారు. బ్యాటరీలో ఏముంటే కదా! మిషన్ కుయ్యిమని ఆగింది. సోమన్న మిషన్ల వైపు ఒకసారి చూశాడంతే. సంతలో బేరానికి నిలబెట్టిన జీవాన్ని చూసే చూపు అది. స్వరూప కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఛాయ్ తాగి పోండ్రి సారూ," భద్రమ్మ దారికి అడ్డంగా నిలబడింది. "మక్క గారెలు ఏస్తున్న. ఇగో, పొయ్యి ముట్టిచ్చిన."

ఉన్న కాస్త ఎండకైనా ప్యానెళ్లను తిప్పుదామని గోవర్ధన్ స్పానర్ పట్టుకుని డాబా మీదికి పరుగెత్తాడు. స్వరూప అతని వెనకే ఎక్కింది. మనిషిని దులపకుండా వదిలే ప్రసక్తే లేదు.

ఆమె నోరు తెరిచేలోపు వాన మొదలైంది. మామూలు వాన కాదు, రాళ్లు విసిరినట్టు పెద్ద పెద్ద చినుకులు. గోవర్ధన్ గోడ మీద మడిచి ఉన్న గొంగడి తీసి నెత్తి మీద వేసుకుని, ఒక అంచు ఆమె వైపు ఎత్తి పట్టుకున్నాడు.

"రండి, తడుస్తారు."

"రాను!"

వాన జోరు పెరిగింది. ఆకుపచ్చ చీర తడిసిపోతున్నది. స్వరూప పళ్లు కొరుకుతూ గొంగడి కిందికి వచ్చింది.

"ఇన్ని నెలలు అబద్ధాలు చెప్పినవ్. సిగ్గులేదా?"

"ఉందండి."

"నా దుకాణం పోతదని తెల్వదా నీకు?"

"తెలుసండి. అందుకే వచ్చినప్పుడల్లా అవ్వతో ఒట్టు వేయించుకున్నాను. రెండు రోజులు ఒట్టు మీదే ఉంటుంది. తర్వాత కోతి కనబడుతుంది."

స్వరూపకు నవ్వు రాబోయింది. బలవంతంగా కోపం తెచ్చుకుంది. "నాతోని చెప్తే అయిపోతుండె గదా?"

"చెప్తే అవ్వను త్రిపురారం పంపేస్తారు. ఇంకోటి…" గోవర్ధన్ ఆగాడు.

"ఇంకోటేంది?"

"చెప్తే సోలార్ బాగైపోతుందండి. బాగైపోతే మీరు ఫోన్ చెయ్యరు."

గొంగడి మీద వాన దబదబా కొడుతున్నది. ఇన్నాళ్లుగా పోగేసుకున్న తిట్లలో ఒక్కటీ స్వరూపకు సమయానికి గుర్తు రాలేదు. ఈ మనిషంటే తనకు ఇష్టం. ఆ సంగతి ఇంత ఆలస్యంగా, ఇలా తడిసిన కోడిపిల్లలా నిలబడి ఉన్నప్పుడు తెలియాలా? తెలిసినందుకు ఆమెకు ఇంకా కోపం వచ్చింది.

"తిట్టిచ్చుకునేటందుకు సూర్యాపేట నుంచి వస్తరా ఎవరన్న?"

"తిట్టేది మీరే కదండి."

"చూడు, ఇయ్యాల మిషన్ నడవకుంటే నిన్ను ఆ బ్యాటరీకే కట్టేస్త. తర్వాత సంగతి తర్వాత."

"అవునండి," అన్నాడు గోవర్ధన్, ముఖం నిండా నవ్వుతో.

కింద భద్రమ్మ తన తప్పు తాను దిద్దుకుంటున్నది. ఆఫీసరు లేవబోయినప్పుడల్లా "ఇంకో వాయి దిగుతున్నది సారూ" అని పళ్లెం నింపుతున్నది. ఆయన మొహమాటస్తుడు, పైగా గారెలు కరకరలాడుతున్నాయి. మొత్తానికి వాన వెలిసింది. కడిగిన ప్యానెళ్ల మీద ఎండ ఫెళ్లున కాసింది. ఆఫీసరు మూడో ఛాయ్ తాగేసరికి గోవర్ధన్ మీట వేశాడు. మిషన్ గుర్రుమంది.

స్వరూప ఆఫీసరు చేతిలోని సంచి లాక్కుని, తెగి వేలాడుతున్న పట్టీని అక్కడికక్కడే కుట్టి ఇచ్చింది. ఆయన పట్టీని గుంజి చూసి, పెన్ను తీసి రాసుకున్నాడు. తర్వాత అందరినీ మళ్లీ డాబా ఎక్కించాడు.

"ఇగ ఫొటో. సోలార్ పెట్టినాయన, పెట్టిచ్చుకున్నామె, ఇద్దరు ప్యానెల్ పక్కన నిలబడండ్రి. జర దగ్గరికి జరగుండ్రి, ఫొటోల పడతలేరు."

ఇద్దరూ జరిగారు. అవసరమైనదాని కంటే కొంచెం ఎక్కువే జరిగారేమో, మెట్ల మీద నిలబడ్డ సోమన్న దగ్గాడు.

బతుకమ్మ పండుగకు ముందే సబ్సిడీ వచ్చింది. సోమన్న సంతకు పోయి రెండు పొట్టేలు పిల్లలను తెచ్చుకున్నాడు. "దుకాణం నడుపుకో బిడ్డా," అన్నాడు, అంతే. గొంగళ్లు పెట్టెలోకి పోయాయి. భద్రమ్మ త్రిపురారం పోలేదు. సోలార్ గడియారంలా నడిచింది.

గోవర్ధన్ నుంచి మాత్రం ఫోన్ లేదు. వానలో అంత మాట చెప్పిన మనిషి, పని బాగున్నప్పుడు ఏ మొహం పెట్టుకుని ఫోన్ చెయ్యాలో తెలియక సూర్యాపేటలో కూర్చున్నాడు. నేరేడుచర్లలో స్వరూప ఫోను వైపు చూసీ చూసీ ఒక జాకెట్‌కు చేతులు తిరగేసి కుట్టింది. చక్కగా పనిచేసే వస్తువు మీద ఆమెకు ఇంత కోపం ఎన్నడూ రాలేదు. తిక్క రేగి లేచి, పెట్టె తెరిచి, డాబా ఎక్కింది. దిగి వచ్చి ఫోన్ అందుకుంది.

"హలో, సోలార్ సారేనా? మీ సోలార్ మళ్లా పండుకున్నది."

"అదెలా అండి? అవ్వ మళ్లీ కప్పిందా?"

"నాయినమ్మ కప్పలే."

"మరెవరండి?"

"నేనే కప్పిన. నువ్వొచ్చి తీసేదాంక తియ్య."

ఇవతల పీట మీద కూర్చున్న సోమన్న తలెత్తకుండానే అన్నాడు. "ఒక్కన్నే రావద్దను. వాళ్ల అమ్మానాయినలను గూడ తోలుకరమ్మను."

స్వరూప ఆ మాట చెప్పలేక ఫోన్‌ను తండ్రి వైపు చాపింది. చెప్పాల్సిన పని లేకపోయింది, గోవర్ధన్‌కు వినపడనే వినపడింది.

డాబా మీది నుంచి భద్రమ్మ కేక వేసింది. "ఓ పిల్లా! బంగారమసోంటి గొంగళ్లను గిట్ల ఎండల ఏస్తరానే?"

"వస్తున్నామండి," అన్నాడు ఫోన్‌లో గోవర్ధన్.