చౌక్‌లో రెండో వైఫై

డిటెక్టివ్ రదోస్తీనా గెర్గోవా ఆఫీసు మా లోమ్ ఊళ్ళో రొట్టెల బట్టీ పైన ఉంటుంది. అందుకని ఆమె దగ్గరికి ఎంత ఏడుస్తూ వచ్చినవాళ్ళైనా, మెట్లెక్కేసరికి కింద కాలుతున్న బానిత్స జున్ను రొట్టెల వాసనకి కాస్త నెమ్మదిస్తారు. ఆ రోజు వచ్చిన నేవెనా మాత్రం నెమ్మదించలేదు. తలగుడ్డ జారిపోతున్నా చూసుకోకుండా, ఫోన్‌ని రెండు చేతులా గుండెకి అదుముకుని, తలుపు తట్టకుండానే లోపలికి వచ్చేసింది.

"పోయాయమ్మా! మొత్తం పోయాయి! ముసలమ్మలందరూ పోయారు!"

అసిస్టెంట్ స్పాస్ నోటి దాకా వెళ్ళిన బానిత్స ముక్క అక్కడే ఆగిపోయింది. స్పాస్ ఒకప్పుడు కుస్తీ పోటీల్లో పేరున్నవాడు. మనిషి గుమ్మమంత ఉంటాడు గానీ చావు మాట వింటే బెదిరిపోతాడు.

"ఎంతమంది పోయారు? ఎక్కడ? పడవ మునిగిందా?"

"వాళ్ళు ఎప్పుడో పోయారయ్యా! ఇప్పుడు పోయింది వాళ్ళ పాటలు!"

గెర్గోవా ఆమెను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, తలగుడ్డ సర్ది, అప్పుడు అడిగింది. సంగతి ఇదీ. నేవెనా ఒకప్పుడు రేవులో పడవ టికెట్లు అమ్మేది. ఉద్యోగం అయిపోయాక ఇంట్లో ఊరికే కూర్చోలేక, సైకిలేసుకుని డాన్యూబ్ ఒడ్డున ఉన్న పల్లెలన్నీ తిరిగింది. ముసలమ్మల చేత పాత పాటలు పాడించుకుని ఫోన్‌లో రికార్డు చేసుకుంది, పేర్లు పెట్టకుండా తారీఖులతోనే. కోత పాటలు, పెళ్ళి పాటలు, పిల్లల్ని జోకొట్టే పాటలు. పాడినవాళ్ళలో సగానికి పైగా ఇప్పుడు లేరు. ఫోన్ నిండిపోవడంతో అన్నిటినీ నెట్ ఖాతాలో దాచింది. ఇంకెక్కడా కాపీ లేదు. వాటిని రేడియోలో వేస్తామని రాజధాని సోఫియా నుంచి ల్యుబెన్ అనే ఆయన వచ్చి కూర్చున్నాడు. తీరా చూస్తే ఖాతా తెరుచుకోవడం లేదు. పాస్‌వర్డ్ తప్పంటోంది.

"పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్పావా?"

"నా మొగుడికే చెప్పలేదు."

"ఆయన పోయి చాలా కాలమైందిగా!" అన్నాడు స్పాస్.

"బతికున్నప్పుడూ చెప్పలేదు."

గెర్గోవా నవ్వు ఆపుకుంది. "చెప్పలేదు, సరే. ఎక్కడైనా కొట్టావా?"

నేవెనా ఒక్క క్షణం గతుక్కుమంది. "చౌక్‌లో... స్తంభాల మీద కాగితాలు అతికించారుగా, ఊరి ఉచిత వైఫై, ఇక్కడ స్కాన్ చేయండి అని. నా ఫోన్‌లో డేటా అయిపోయింది. లిండెన్ చెట్టు కింద బెంచీ మీద కూర్చుని స్కాన్ చేశాను. ఒక పేజీ వచ్చింది. మెయిలూ దాని పాస్‌వర్డూ అడిగింది. కొట్టాను."

"ఊరి నెట్ అంతకుముందు ఎప్పుడైనా అలా అడిగిందా?"

"లేదు. ఒప్పుకుంటున్నానని నొక్కితే వచ్చేసేది. కానీ ఊరి చిహ్నం ఉందిగా పైన!"

"చిహ్నం ఎవరైనా అతికించుకోవచ్చు. కాఫీ పోసేవాడు మీ ఇంటి తాళంచెవి అడిగితే ఇస్తావా? వైఫై ఇచ్చేవాడికి నీ మెయిల్ పాస్‌వర్డ్‌తో పనేంటి? ఆ పాస్‌వర్డే ఇంకెక్కడైనా వాడుతున్నావా?"

"బ్యాంకుకి..."

స్పాస్ బానిత్స పక్కన పెట్టేసి తన ఫోన్ తీశాడు. తన సొంత డేటా మీద నేవెనా చేత బ్యాంకు పాస్‌వర్డ్ అక్కడికక్కడే మార్పించాడు. చూసిన నెట్‌కల్లా తనంతట తనే అతుక్కునే అలవాటు ఆమె ఫోన్‌కి ఉంటే, దాన్నీ ఆపేశాడు. డబ్బు భద్రంగానే ఉంది. నేవెనా ముఖంలో మాత్రం వెలుగు లేదు. ఆమెకి కావలసింది డబ్బు కాదు.

"ఇంకొక్కటి గుర్తు చేసుకో," అంది గెర్గోవా. "ఆ బెంచీ మీద సిగ్నల్ ఎన్ని గీతలుంది?"

"నిండా ఉంది. అక్కడెప్పుడూ ఒక్క గీతే ఏడుస్తుంటుంది. బాగు చేశారు కాబోలని సంబరపడ్డాను కూడా."

గెర్గోవా లేచి కోటు తొడుక్కుంది.

చౌక్‌లో ఎండ హాయిగా ఉంది. స్పాస్ ఫోన్ పట్టుకుని అటూ ఇటూ తిరిగి వచ్చాడు. "ఊరి నెట్ ఒక్కటే ఉంది మేడం. రెండోది, ఆ దొంగది, లేదు. పని అయిపోయాక కట్టేసినట్టున్నాడు."

"ఊరి నెట్ యాంటెనా గడియారం స్తంభం మీద, ఆ చివర ఉంది. బెంచీ దగ్గరికొచ్చేసరికి నీరసపడుతుంది. ఆ రోజు నిండా గీతలున్నాయంటే ఆ దొంగ నెట్ ఇచ్చిన పెట్టె ఈ బెంచీ పక్కనే ఎక్కడో ఉంది." గెర్గోవా చుట్టూ చూసింది. "ఇక్కడ ఉన్నవి మూడే తలుపులు. తోత్కా కాఫీ కొట్టు. సావా ఫోన్ రిపేరు షాపు. ఆ పైన హోటల్లో సోఫియా ఆయన దిగిన గది."

ఆ తర్వాత ఆమె చాలాసేపు స్తంభాలే చూసింది. మా ఊరి స్తంభాల మీద ఎప్పుడూ చోటుండదు. పోయినవాళ్ళ ఫొటోలతో నల్ల అంచు కాగితాలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి, నలభయ్యో రోజుకొకటి, ఆర్నెల్లకొకటి, ఏడాదికొకటి. వాటి మధ్య ఆ వైఫై కాగితాలు. ఒక స్తంభం మీద కసాయి పేన్చో ముఖం సగం మూసుకుపోయింది. ఇంకోచోట అక్కాచెల్లెళ్ళిద్దరి పేర్లూ కనబడకుండా పోయాయి. ఒకచోట వైఫై కాగితం చదవడానికి స్పాస్ గొంతుక్కూర్చోవలసి వచ్చింది, మరోచోట మునివేళ్ళ మీద లేవవలసి వచ్చింది. అన్ని స్తంభాల మీదా, సరిగ్గా కంటికెదురుగా, ఆర్నెల్ల కింద పోయిన గెనా ముసలమ్మ పళ్ళు లేని నోటితో నవ్వుతోంది.

"మేడం, మనం వైఫై సంగతి చూస్తున్నామా, పోయినవాళ్ళని పలకరిస్తున్నామా?"

"రెండూ," అంది గెర్గోవా.

తోత్కా కప్పులు తుడుస్తూనే విరుచుకుపడింది. "నన్నడుగుతారేం? ఉచిత నెట్ పెట్టి ఊరే నా పొట్ట కొట్టింది! ఇదివరకు నెట్ కోసమైనా ఒక కాఫీ తాగేవాళ్ళు. ఇప్పుడు బెంచీ మీద కూర్చుని నా పూలకుండీల్లో పొద్దుతిరుగుడు గింజల పొట్టు ఉమ్ముతున్నారు."

"మరి మీరే ఒక దొంగ నెట్ పెట్టి దాని పేరు చెడగొట్టారేమో!"

"నాకంత తెలివుంటే ఈ కప్పులెందుకు తోముతాను? ఎటు చూసినా స్తంభాల మీద ఆ గెనా మొహమే. నేను కిటికీ తెరవడమే మానేశాను. బతికుండగా దాని మేక నా జెరేనియం మొక్కలన్నీ మేసింది, తెలుసా?"

సోఫియా నుంచి వచ్చిన ల్యుబెన్ సన్నగా, విసుగ్గా ఉన్నాడు. "ఒక కాపీ నాకిమ్మని ఎన్నిసార్లు అడిగానో! అంతా పూర్తయ్యాకే ఇస్తానంది. ఇప్పుడు చూడండి. దొంగతనం చేసేవాణ్ణయితే ఇంకా ఇక్కడే ఎందుకుంటాను, మీ ఊరి దోమలు కుట్టించుకుంటూ?"

"స్తంభాల మీద కాగితాలు చూశారా?"

"చావు కాగితాలేగా!"

"గెనా అనే ఆవిడ మీకు తెలుసా?"

"ఎవరావిడ? పాడుతుందా?" అని ఆత్రంగా అడిగాడు.

సావా షాపు తలుపుకి నల్ల రిబ్బను వేలాడుతోంది. లోపల నలభై అయిదేళ్ళ మనిషి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, కళ్ళు ఎర్రగా. పిలిస్తే ఉలిక్కిపడి ఒక్క చెవిలోది తీశాడు.

"నేవెనా పిన్నితో నాకు మాటల్లేవు. ఆవిడ ఫోన్ సంగతి నాకేం తెలుసు?"

"మాటలెందుకు లేవు?"

"పాత సంగతి."

"ఏం వింటున్నారు?"

"ఫుట్‌బాల్."

బయటికొచ్చాక స్పాస్ జాలిగా తలూపాడు. "ఫుట్‌బాల్ వింటూ కళ్ళు ఎర్రబడేలా ఏడ్చాడంటే ఆడేది మనవాళ్ళే అయ్యుంటారు."

గెర్గోవా అక్కడే నిలబడి అతని భుజం తట్టింది. స్పాస్‌కి ఎందుకో అర్థం కాలేదు గానీ సాయంత్రం దాకా పొంగిపోతూ తిరిగాడు.

మర్నాడు పొద్దున అందర్నీ తోత్కా కొట్టులో కూర్చోబెట్టింది. నేవెనా కిటికీ దగ్గర, ల్యుబెన్ గోడ వారగా, సావా గుమ్మానికి దగ్గరగా. ఆ గుమ్మానికి అడ్డంగా స్పాస్.

"ఇది డబ్బు దొంగతనం కాదు," అని మొదలుపెట్టింది గెర్గోవా. "బ్యాంకు పాస్‌వర్డ్ అదే అయినా ఎవరూ దాని జోలికి పోలేదు. అంటే ఆ మనిషికి కావలసింది పాటలే. ముందు ల్యుబెన్‌గారిని అనుమానించాను."

"నేను కూడా," అంది తోత్కా.

"కానీ ఆ కాగితాలు చూడండి. కంటికెదురుగా ఉన్న చోటు వదిలేసి, ఒకటి మోకాలి దగ్గర, ఒకటి నెత్తి మీద అతికించారు. ఎందుకు? కంటికెదురుగా గెనా ముసలమ్మ ఉంది. మిగతా వాళ్ళందరి మీదా అతికించిన చెయ్యి, ఆమె మీదికి మాత్రం ఒక్కచోటైనా రాలేదు. ల్యుబెన్‌గారికి ఆమె ఎవరో కూడా తెలియదు. ఆయనైతే చోటున్న చోట అతికించేవారు. తోత్కా అయితే..."

"సరిగ్గా దాని మొహం మీదే అతికించేదాన్ని!" అంది తోత్కా. వెంటనే నాలిక్కరుచుకుని, గొంతు తగ్గించింది. "అసలు నేనూ అందులో పాస్‌వర్డ్ కొట్టాను. వాళ్ళ నెట్ నాదానికంటే స్పీడా అని చూద్దామని."

ఆ ఒక్క మాటతో ఆమె మీద అనుమానం పోయింది, కొట్టంతా నవ్వింది. సావా మాత్రం నవ్వలేదు.

"తల్లి ఫొటో మీద కాగితం అతికించడానికి కన్నకొడుక్కి చేతులు రావు," అంది గెర్గోవా, ఈసారి మెల్లగా. "తలుపుకి చావు జరిగిన ఇంటి నల్ల రిబ్బను. బెంచీకి ఆనుకున్న షాపు. ఫోన్ల పని తెలిసిన చెయ్యి. చెవుల్లో కళ్ళు ఎర్రబడే ఫుట్‌బాల్. ఆ పాటలకు పేర్లు లేవు, తారీఖులే ఉన్నాయి. అందుకని ఒక్కొక్కటే వింటున్నారు. దొరికిందా, సావా?"

సావా గుమ్మం వైపు చూశాడు. స్పాస్ కదల్లేదు. సావా కుర్చీలోకి జారబడ్డాడు.

"లేదు. సగం కూడా కాలేదు. దొరకగానే తిరిగి ఇచ్చేద్దామనుకున్నాను."

"అడిగితే నేనివ్వనా?" నేవెనా లేచి నిలబడింది. "చెప్పుచ్చుకు కొట్టాలిరా నిన్ను! దొంగ నెట్ పెట్టి, ఊళ్ళో వాళ్ళందర్నీ..."

"నిన్ను మా గేటు బయటికి గెంటినవాణ్ణి పిన్నీ. మా అమ్మకి ఒంట్లో బాగోలేదు, నీ పాటల గోలేంటని అరిచినవాణ్ణి. తర్వాత అమ్మే దొడ్డిదారిన మీ ఇంటికొచ్చి పాడిందని దినం రోజున ఎవరో చెప్పారు. ఏ మొహం పెట్టుకుని అడగను?" జేబులోంచి ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. "ఊరందరి ఫోన్లూ నా చేతిలోంచి వెళ్ళాయి. మా అమ్మ గొంతు ఒక్కదాంట్లోనూ లేదు. శనివారం ఆర్నెల్ల ప్రార్థన. ఒక్కసారి విందామని..."

సావా తను పెట్టిన కొత్త పాస్‌వర్డ్ చెప్పాడు. స్పాస్ ఫోన్ మీద నేవెనా ఖాతా తెరిచి, ఇంకెవరికీ తెలియని మరో పాస్‌వర్డ్ పెట్టుకుంది. జాబితా కిందికీ పైకీ జరిపి చూసుకుంది. అన్నీ ఉన్నాయి. అప్పటికి గానీ ఆమె ఊపిరి పూర్తిగా తీసుకోలేదు.

"ఇది నేరమే సావా," అంది గెర్గోవా. "పోలీసులకి చెప్పడమా మానడమా అన్నది వీళ్ళ ఇష్టం."

తోత్కా, నేవెనా ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. నేవెనా ఒక తారీఖు మీద వేలు పెట్టి నొక్కింది.

ముందు కోడి అరిచింది. తర్వాత సన్నగా, కాస్త వణుకుతూ, ఒక కోత పాట మొదలైంది. సావా రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని నేల చూస్తూ విన్నాడు. పాట మధ్యలో ఆగి, గెనా మాటలు వినబడ్డాయి.

"ఆపవే నేవెనా, ఆపు. మావాడు గానీ వస్తున్నాడేమో చూడు."

"రాడులే, పాడు," అంది రికార్డులోని నేవెనా. "అయినా వాడంటే నాకు ఒళ్ళు మంట."

"ఊరుకో. చలిలో కూర్చుని పాడితే నా గొంతు పోతుందని వాడి బెంగ. అరుస్తాడు గానీ, రాత్రి పాలు కాచి నా మంచం దగ్గర పెట్టి పోతాడు. ఎక్కడిదాకా వచ్చాం? ఆ, కొడవలి దగ్గర."

పాట మళ్ళీ అందుకుని చివరిదాకా సాగింది. ల్యుబెన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తోత్కా ఏప్రాన్ అంచుతో ముక్కు తుడుచుకుని, ఎవరూ అడక్కుండానే సావా ముందు కాఫీ పెట్టింది.

"పోలీసులొద్దు," అంది నేవెనా. "కానీ వేణ్ణీళ్ళు పెట్టి ఆ కాగితాలన్నీ నువ్వే గీకెయ్యి. ఇంకెవరెవరు పాస్‌వర్డ్ కొట్టారో వాళ్ళ ఇళ్ళకి నువ్వే పోయి, నేనే చేశానని చెప్పి, వాటిని మార్పించు. ఇక ఆదివారం ఆదివారం ఆ బెంచీ మీద కూర్చుని, వచ్చిన ముసలీ ముతకకి చెప్పు, ఊరి నెట్ ఏదో, దొంగదేదో, ఏది అడిగితే లేచిపోవాలో."

"చెప్తాను పిన్నీ." ఆగి, "ఇంకొక్కసారి పెట్టవూ?" అన్నాడు.

"పెడతాను. ముందు నీకో కాపీ, నాకో కాపీ, ఆ రేడియో ఆయనకో కాపీ చెయ్యి. అన్నీ ఒక్కచోటే దాచుకుని నేనూ బుద్ధి తక్కువ పనే చేశాను." ఫోన్ అతని చేతికి ఇవ్వబోయి, మళ్ళీ వెనక్కి లాక్కుంది. "ఏ నెట్ మీద చేస్తావురా?"

"నా సొంత డేటా మీదే పిన్నీ."

"చూపించు," అంది నేవెనా, కుర్చీ అతని పక్కకి జరుపుకుంటూ.