ఒక్క అక్షరం కూడా మారలేదు

బ్రేక్!

స్కూటీ పక్కకి జారింది. రోహిణి కాలు నేలకి ఆన్చింది. చెప్పు తెగింది. మనిషి పడలేదు.

ముందు వెళ్తున్న తెల్ల వ్యాన్ కోహ్కా మలుపు తిరిగి మంచులో మాయమైంది.

పోయిందా?...

లేదు. వాసన ఉంది!

చచ్చి రెండు రోజులైన కోళ్ళ వాసన. ఇంత మంచు కూడా దాన్ని కప్పలేకపోతోంది. రోహిణి చున్నీని ముక్కుకి బిగించి కట్టుకుని ఆ వాసన వెంటే బండి పోనిచ్చింది.

ఆదివారం. పొద్దున్న ఏడూ యాభై.

చెవిలో ఫోన్ మోగింది. అప్పలకొండ. మరోదాలో నాలుగు వందల కోళ్ళు పెంచుకుని బతుకుతున్న మనిషి.

"ఏటమ్మా, నువ్వొత్తన్నావా నేదా? తొమ్మిదికి బండొచ్చేత్తాదంట. నా కోళ్ళన్నీ సంపేత్తారంట!"

"ఆపిస్తాను అప్పలకొండమ్మా. ఆ పని మీదే ఉన్నాను."

"ఒక్క కోడి తుమ్మిందేటి? ఒక్కటి తలొంచిందేటి? గొంతులో పుల్లెట్టి రోగమని రాసేసినారు. ఆ రోగం మీ కాయితంలో ఉన్నాది. నా కోళ్ళలో నేదు!"

లైన్ కట్.

ఆమె అన్నది నిజం. రోహిణికి ఆ సంగతి నిన్న సాయంత్రమే తెలిసింది.

లాబ్‌లో రోహిణి పని వైరస్‌ల రాత చదవడం. బర్డ్ ఫ్లూ వైరస్ అంటే పదమూడు వేల పైచిలుకు అక్షరాలు. ఒక కోడి నుంచి ఇంకో కోడికి అంటుకుంటూ తన రాతని తనే కాపీ కొట్టుకుంటుంది. కంగారు కాపీ! ఎక్కడో ఒక అక్షరం తప్పుతుంది. ఆ తప్పుల్ని పక్కపక్కన పెట్టి చూస్తే, ఏ వైరస్ ఎక్కడి నుంచి వచ్చిందో దొరికిపోతుంది.

మూడు వారాల్లో ఆరు చిన్న ఫారాల నుంచి ఆరు శాంపిల్ ట్యూబులు వచ్చాయి. అందులో అప్పలకొండదొకటి. ఆరింటిలోనూ బర్డ్ ఫ్లూ.

ఆరింటికీ మధ్య తేడా?

సున్నా!

ఒక్క అక్షరం కూడా మారలేదు. అలా జరగదు. ఎవరో ఒకే వైరస్‌ని ఆరు ట్యూబుల్లో పోశారు.

మరి నిజంగా కోళ్ళు చస్తున్నది ఎక్కడ?

పెద్ద ఆసామి రాజాబాబు ఫారంలో! నలభై వేల కోళ్ళు. క్లీన్ రిపోర్టు. రోగం ఊళ్ళో ఉందని అందరికీ తెలిసిపోయింది కాబట్టి, ఎక్కడో ఒకచోట చూపించాలి. అందుకు అప్పలకొండ లాంటివాళ్ళు ఉన్నారు. రాజాబాబు ఫారంలో చచ్చినవాటికేమో ఈ వ్యాన్ ఉంది.

ఇందులోంచి ఒక్క కోడి చాలు, రుజువుకి.

వ్యాన్ ఆగింది. రేకుల షెడ్డు. రోహిణి స్కూటీని పొదల్లోకి తోసేసి, ఐస్ బాక్స్ పట్టుకుని వెనక కిటికీ దగ్గరికి పరిగెత్తింది.

లోపలికి చూసింది.

నేల మీద కోళ్ళ గుట్ట. నీలంగా మారిన తురాయిలు. ముక్కుల్లోంచి జిగురు. ఆ జిగురు మీద ఈగలు. పక్కన డ్రమ్ము నిండా పసుపు నీళ్ళు. ఒకడు ఈకలు పీకి విసురుతున్నాడు. ఇంకొకడు పట్టుకుని ముంచుతున్నాడు. నల్లగా వెళ్ళిన కోడి పచ్చగా, నిగనిగలాడుతూ పైకొస్తోంది.

బతికున్న కోడిని కోస్తే నెత్తురు కారిపోతుంది. చచ్చాక కోస్తే తొడల్లోనే గడ్డకడుతుంది. వంట చేసే ఏ మనిషైనా చూడగానే పట్టేస్తుంది. అందుకే ముక్కలు కొట్టి, మళ్ళీ పసుపు రాసి, కవర్లలో కడుతున్నారు.

"చేతులు కడుక్కోరా సుభాష్. సమోసా తిందాం."

"కడిగితే మళ్ళీ ఇదే పని కదా భయ్యా. నువ్వే నోట్లో పెట్టీ."

సుభాష్ ఒక సంచి మీద చతికిలబడి నోరు తెరిచాడు. ఆ సంచిలోంచి కోడి కాలు ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంది. అది తొడకి తగులుతున్నా వాడు నములుతూనే ఉన్నాడు.

"క్యాంప్ 2 బస్తీకి పంపే మాల్ ఎన్నింటికి?"

"పదికల్లా వెళ్ళిపోవాల. సండే గదా! నాలిక పీకేత్తాది జనాలకి."

ఇద్దరూ నవ్వుకున్నారు.

రోహిణి ఐస్ బాక్స్ తెరిచి పెట్టుకుంది. గ్లవ్స్ తొడుక్కుంది. వాళ్ళు అటు తిరిగారు...

ఇప్పుడు!

కిటికీలోంచి చెయ్యి. చేతికందిన కోడి. గొంతులోకి పుల్ల. పుల్ల ట్యూబులోకి. మూత. ఐస్ బాక్స్!

పన్నెండు సెకన్లు.

గోడ వెనక్కి వచ్చి ఫోన్ కొట్టింది. గురునాథరావు. లాబ్ హెడ్. ఆరేళ్ళ కిందట ఆమెకి పుల్ల పట్టుకోవడం నేర్పిన మనిషి.

"సర్, రాజాబాబు కోళ్ళు దొరికాయి! కోహ్కా మలుపు అవతల రేకుల షెడ్డు. పోలీసుల్ని తీసుకురండి. మరోదాలో ముందు ఆపించండి!"

"శభాష్ రోహిణీ! అక్కడే ఉండు. ఇంకెవరికీ చెప్పకు. వచ్చేస్తున్నాను."

ఎనిమిదీ పదిహేను... ఎనిమిదీ ముప్పై...

షెడ్డులో ఎవరిదో ఫోన్ మోగింది. వెంటనే షట్టర్ దడదడా దిగిపోయింది.

ఎందుకు?

ఈసారి రోహిణి ఫోన్ వణికింది. ప్రణవ్. లాబ్‌లో జూనియర్. గుసగుసగా మాట్లాడుతున్నాడు.

"దీదీ, ఆ ఆరు ట్యూబులకి జోడీ దొరికింది. మన దగ్గరే ఉంది! పోయిన జనవరిలో చచ్చిన బాతు శాంపిల్. బిల్కుల్ అదే వైరస్."

"ఏడాది కిందటిదా? ఏడాది పాటు పక్షుల్లో తిరిగితే ఎంత మారిపోవాలి!"

"వహీ తో దీదీ, అదే కదా! అది తిరగలేదు. మన ఫ్రీజర్‌లో పడుకుంది. రాత్రి మీరిచ్చిన తాళంచెవితో ఇప్పుడే తీసి చూశాను. పదకొండు వందల ట్యూబుల్లో ఆ బాతుదొక్కటే సగం ఖాళీ."

ఫ్రీజర్!

దానికి తాళంచెవులు రెండే. ఒకటి రోహిణిది.

రెండోది...

ధన్!

వెనక కారు డోర్ పడింది.

గురునాథరావు! ఆయన వెనకే పోలీసు జీపు. ఎస్సై ఉదయ్‌కుమార్, ఒక హవల్దార్, ఒక లేడీ కానిస్టేబుల్ దిగారు. ముగ్గురూ దిగీ దిగగానే ముక్కులు మూసుకున్నారు.

"ఛీ! ఏం బద్‌బూ ఇది!" అన్నాడు ఎస్సై.

గురునాథరావు ముక్కు మూసుకోలేదు. కనీసం చిట్లించలేదు. అలవాటైన ముక్కు!

"ఈమే ఎస్సై గారూ. లాబ్‌లో వైరస్ దొంగిలించి శాంపిళ్ళలో కలిపింది. చేతిలో బాక్స్ చూడండి. రెడ్ హ్యాండెడ్!"

"సర్!..."

"తాళంచెవి నీ దగ్గర లేదా? చెప్పమ్మా."

లేడీ కానిస్టేబుల్ ఆమె మణికట్టు పట్టుకుంది. గట్టిగా.

ఉదయ్‌కుమార్ నోట్‌బుక్ తీశాడు. క్యాంప్ 2లో పుట్టి పెరిగినవాడు. తెలుగు మాట్లాడతాడు, హిందీలో ఆలోచిస్తాడు. "వైరస్ పేరేటి సర్? హెచ్ వన్ ఎన్ ఫైవ్ కదా?"

"హెచ్ ఫైవ్ ఎన్ వన్! సరిగ్గా రాయండి."

"ఫ్రిజ్ తెరిచి తీసింది..."

"ఫ్రిజ్ కాదండీ, ఫ్రీజర్. మైనస్ ఎనభై."

రోహిణి వింటోంది. ఎదుటివాడు తప్పు చెబితే గురునాథరావు నాలుక ఊరుకోదు. చావు ఇంట్లో కూడా తారీఖు దిద్దే మనిషి!

"ఏ ట్యూబ్ తీసింది సర్?"

"నాకెలా తెలుస్తుంది? పదకొండు వందలున్నాయి. నేను ఫ్రీజర్ దగ్గరికే పోను. తీసినామెనే అడగండి."

ఎనిమిదీ యాభై రెండు. మరోదాకి బండి వచ్చేస్తూ ఉంటుంది.

"అవును. నేనే తీశాను" అంది రోహిణి.

గురునాథరావు పెదవి చివర చిన్న నవ్వు లేచింది.

"రాసుకోండి ఎస్సై గారూ. పోయిన ఏడాది కొంగ ట్యూబు. అందులో సగం ఒంపేశాను. కావాలంటే వెళ్ళి చూసుకోండి, కొంగ ట్యూబు సగమే..."

"కొంగది నిండుగానే ఉంది! సగమైంది బాతుది. ఏది ఏదో కూడా తెలీకుండా..."

మాట తెగిపోయింది.

షట్టర్ వెనక ఎవడో తుమ్మాడు.

ఉదయ్‌కుమార్ పెన్ను కాగితం మీద అలాగే నిలబడిపోయింది. తల మెల్లగా ఎత్తాడు.

"హవల్దార్! మరోదాకి ఫోన్ కొట్టు. ఒక్క కోడిని ముట్టుకోవద్దను. ఈ షట్టర్ ఎత్తించు. మేడమ్ చెయ్యి వదిలెయ్!"

నోట్‌బుక్‌లో కొత్త పేజీ తిప్పాడు. గురునాథరావు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఏ పక్షి అన్నారు సర్? మళ్ళీ చెప్పండి... సరిగ్గా రాసుకోవాల."